వేలంపాట ధరలు డోల్ట్ డేటాబేస్‌లో: విశాఖ ఫిషింగ్ హార్బర్ ప్రాజెక్టు డైరీ

పని ఇది. ఫిషింగ్ హార్బర్, పెదజాలారిపేట, మంగమారిపేట, భీమిలి. ఈ నాలుగు చోట్ల పొద్దున జరిగే చేపల వేలంపాటల ధరలను ముగ్గురు మనుషులు మూడు ల్యాప్‌టాప్‌లలో ఎక్కిస్తారు. అవన్నీ ఒకే టేబుల్లో కలవాలి. ఏ అంకె ఎవరు మార్చారో, ఎప్పుడు, ఎందుకు మార్చారో తెలియాలి. తప్పు దొర్లితే వెనక్కి తీసుకోగలగాలి.

వాడింది డోల్ట్, మార్పుల చరిత్రను తనలోనే దాచుకునే డేటాబేస్. మైసీక్వెల్ క్లయింట్లు, డ్రైవర్లు దీనితో మామూలుగానే పనిచేస్తాయి. కోడు ఫైళ్ల మార్పులను దాచే సాధనం గిట్‌లో ఉండే కమిట్ (మార్పును చరిత్రలో నమోదు చెయ్యడం), బ్రాంచ్ (విడి పాయ), మెర్జ్ (పాయలను కలపడం), క్లోన్ (పూర్తి నకలు), పుష్ (ఉమ్మడి చోటికి పంపడం) అన్నీ ఇందులో టేబుళ్ల మీద నడుస్తాయి. గో భాషలో రాశారు. 2019లో సోర్సు బయటపెట్టారు, 1.0 వెర్షన్ 2023లో వచ్చింది.

రెండు మాటలు ముందే. కమాండ్లు, టేబుల్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ఇక ‘రో’కు బహువచనం రాస్తే పచ్చడి రుబ్బే రోలు గుర్తొస్తోంది కాబట్టి అంతటా ‘వరుస’ అనే రాశాం.

దశ 0: గిట్‌లో సీఎస్‌వీ ఎందుకు నిలవలేదు

సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు. ఎక్కువ చెప్పడానికేం లేదు. గిట్ లైన్లను పోలుస్తుంది. ఎక్సెల్‌లో ఫైలు తెరిచి తేదీ ప్రకారం సార్ట్ చేసి సేవ్ చేస్తే ఒక్క ధరా మారకపోయినా ఫైలంతా మారినట్టు డిఫ్ (తేడాల జాబితా) వస్తుంది. కొత్త కాలమ్ ఒకటి చేర్చినా అంతే. డోల్ట్ పోల్చేది ప్రైమరీ కీతో, అంటే ఒక్కో వరుసను గుర్తుపట్టే గడులతో. వరుస ఎక్కడ కూర్చుందన్నది దానికి అనవసరం, ఏ గడిలో ఏం మారిందన్నదే చూస్తుంది.

మరియాడీబీ 10.3 నుంచి ఉన్న సిస్టమ్ వెర్షన్డ్ టేబుళ్లు కూడా పాత స్థితిని చూపిస్తాయి. కానీ వాటిలో బ్రాంచ్ లేదు, మెర్జ్ లేదు. నెట్ అందని చోట విడిగా రాసుకుని తర్వాత కలపడం వాటితో కుదరదు.

దశ 1: టేబుళ్లు

1. డోల్ట్ ఇనిట్‌తో ఖాళీ ఫోల్డర్‌లో డేటాబేస్.
2. ‘చోట్లు’, ‘చేపలు’, ‘ధరలు’ అని మూడు టేబుళ్లు. ధరలులో ఐడీ (ఆటో ఇంక్రిమెంట్, అంటే దానంతటదే పెరిగే అంకె), తేదీ, చోటు, చేప, పాట సంఖ్య, కొలత (కేజీ లేదా గంప), ధర, గమనికలు.
3. ధరకు డెసిమల్ టైపే. ఫ్లోట్ పెడితే డిఫ్‌లో అక్కర్లేని తేడాలు పుడతాయి.
4. స్కీమా (టేబుళ్ల నిర్మాణం) చేత్తో రాశాకే డేటా ఎక్కించాలి. ఇంపోర్ట్ కమాండుకు -సి ఇచ్చి ఫైలు చూసి టైపులు ఊహించుకోమంటే అది ఊహించుకుంటుంది. అది మనకు కావలసిన టైపే అవుతుందన్న హామీ లేదు.

ఇందులో రెండో అడుగే తప్పు. ఆటో ఇంక్రిమెంట్ ఐడీ ఎంత ఇబ్బంది పెట్టిందో మూడో దశలో ఉంది.

లెక్క: చోట్లు 4, చేపలు 22, ధరల వరుసలు 0, కమిట్లు 2.

దశ 2: పాత రిజిస్టర్లు ఎక్కించడం, కనబడని అక్షరం

నోటు పుస్తకాల నుంచి సీఎస్‌వీలో కొట్టిన 1,146 వరుసలను డోల్ట్ టేబుల్ ఇంపోర్ట్ -యు తో ఎక్కించాం. -యు ఉన్న వరుసలను మారుస్తుంది, లేనివి చేరుస్తుంది, దేన్నీ తీసెయ్యదు. -ఆర్ ఇస్తే టేబుల్లో ఉన్నదంతా పోయి ఫైల్లో ఉన్నదే మిగులుతుంది. ఒక్క అక్షరం తేడా, జాగ్రత్త.

ఎక్కాక చోటు కాలమ్‌లో ఎన్ని వేర్వేరు విలువలున్నాయని అడిగితే 4 రావాల్సిన చోట 7 వచ్చాయి. పెదజాలారిపేటను కొన్ని చోట్ల దీర్ఘం లేకుండా పెదజాలరిపేట అని రాశారు. అది కంటికి కనబడుతుంది. ఫిషింగ్ హార్బర్ మాత్రం మూడు సార్లు వచ్చింది, మూడూ అచ్చం ఒకేలా ఉన్నాయి. లెంగ్త్ ఫంక్షన్‌తో బైట్లు లెక్కపెడితే 43, 44, 46.

తెలుగులో ఒక్కో కోడ్‌పాయింటుకు యూటీఎఫ్-8లో 3 బైట్లు. ‘ఫిషింగ్’ 7 కోడ్‌పాయింట్లు, ‘హార్బర్’ 7, మధ్యలో ఖాళీకి 1 బైటు, మొత్తం 43. చివర స్పేస్ పడితే 44. పొల్లు తర్వాత ఫోను కీబోర్డు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం పెడితే ఇంకో 3 బైట్లు చేరి 46. డోల్ట్ డిఫాల్ట్ కొలేషన్ (అక్షరాలను పోల్చే పద్ధతి) బైనరీ, అంటే బైటు బైటు పోలుస్తుంది. దానికి ఇవి మూడు వేర్వేరు రేవులు. ఒకే పాట రెండు రకాల పేరుతో రెండుసార్లు ఎక్కిన వరుసలు 7 దొరికాయి.

దిద్దిన తీరు:

1. చోటు కాలమ్‌లో రీప్లేస్‌తో ఆ అక్షరం తీసేశాం, ట్రిమ్‌తో చివరి స్పేస్ తీసేశాం. గమనికల కాలమ్‌ను మాత్రం ముట్టుకోవద్దు. ‘హార్బర్‌లో’ వంటి మాటల్లో ఆ అక్షరం ఉండాల్సిందే, తీసేస్తే ర, ల కలిసి వత్తు పడుతుంది.
2. ధరలులో పేరు బదులు రెండక్షరాల కోడ్ పెట్టి చోట్లు టేబుల్‌కు ఫారిన్ కీ కట్టాం. చేపకూ ఇదే.
3. దిద్దుబాటును ఎక్కింపుతో కలపకుండా విడి కమిట్‌గా చేశాం. రేపు డిఫ్ చూసేవాడికి ఏది రిజిస్టరులోది, ఏది మనం దిద్దింది అన్నది విడిగా తెలుస్తుంది.

లెక్క: ధరల వరుసలు 1,139, కమిట్లు 6.

దశ 3: మూడు క్లోన్లు, ఢీకొన్న ఐడీలు

మూడు ల్యాప్‌టాప్‌లకూ డోల్ట్ క్లోన్. కలిసే చోటు ఆఫీసు కంప్యూటర్లో ఫైల్ రిమోట్. మొదటి ల్యాప్‌టాప్‌లో 38 వరుసలు, రెండో దాంట్లో 41, మూడో దాంట్లో 29 చేరాయి. మొదటిది పుష్ అయింది. రెండోది పుల్ చేస్తే (అక్కడిది తెచ్చి కలిపితే) 38 కాన్‌ఫ్లిక్ట్‌లు, అంటే ఒకే వరుసకు రెండు వైపులా వేర్వేరు విలువలు.

కారణం సులువు. ఒకే సర్వర్లోని బ్రాంచ్‌ల మధ్య ఆటో ఇంక్రిమెంట్‌ను డోల్ట్ ఉమ్మడిగా లెక్కపెడుతుంది, అక్కడ ఢీ ఉండదు. విడి క్లోన్‌కు పక్క క్లోన్ ఎంతవరకు వచ్చిందో తెలిసే దారి లేదు. మూడూ 1,147 నుంచే మొదలుపెట్టాయి. 1,147వ వరుస ఒక చోట భీమిలి చేప, ఇంకో చోట హార్బర్ రొయ్య. మిగిలిన మూడు వరుసలు మాత్రం గొడవ లేకుండా కలిశాయి, అదీ మొదటి క్లోన్ 38 దగ్గర ఆగిందన్న ఒక్క కారణంతో.

యూయూఐడీ (ఎక్కడ పుట్టినా మరోదానితో కలవని పొడుగాటి ఐడీ) పెడితే ఢీ పోతుంది. వద్దనుకోవడానికి కారణం నిల్వ. డోల్ట్ టేబుల్‌ను కీ క్రమంలో ప్రోలీ ట్రీ అనే చెట్టుగా, సగటున 4 కిలోబైట్ల ముక్కలుగా దాస్తుంది. మారని ముక్కలను పాత కమిటూ కొత్త కమిటూ పంచుకుంటాయి. కీ యాదృచ్ఛికంగా ఉంటే ఒక పూట ఎంట్రీలు చెట్టంతా చెల్లాచెదురై చాలా ముక్కలు కొత్తగా రాయాల్సి వస్తుంది. తేదీతో మొదలయ్యే కీ అయితే కొత్తవన్నీ చివర ఒక్కచోటే పడతాయి. పైగా యూయూఐడీ ఉంటే ఒకే పాటను ఇద్దరు రాసినా రెండు వరుసలుగా నిలిచిపోతుంది, ఎవరికీ తెలియదు.

కాబట్టి కీ: తేదీ, చోటు, చేప, పాట సంఖ్య. దీనితో ఇద్దరూ ఒకే పాటను ఒకే ధరతో రాస్తే గొడవ లేకుండా ఒక్క వరుసే అవుతుంది. వేరే ధర రాస్తే కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. అదే కావాలి.

మార్చే క్రమం ముఖ్యం:

1. మూడు క్లోన్ల కొత్త వరుసలను సీఎస్‌వీగా బయటికి తీయాలి.
2. తెరిచి ఉన్న బ్రాంచ్‌లన్నీ ముఖ్య బ్రాంచ్ అయిన మెయిన్‌లో కలిపెయ్యాలి, లేదా వదిలెయ్యాలి. రెండు వైపులా ప్రైమరీ కీలు వేరైతే డోల్ట్ ఆ టేబుల్‌ను మెర్జ్ చెయ్యదు.
3. మెయిన్ మీద కీ మార్చి కమిట్, ఆపైన అందరూ కొత్తగా క్లోన్.
4. సీఎస్‌వీలు -యు తో ఎక్కించాలి.

లెక్క: 1,139 + 38 + 41 + 29 = 1,247 వరుసలు.

చివరి తనిఖీకి మంచి సాధనం ఒకటుంది. ఎక్కించిన క్రమం ఏదైనా సరే, ఒకే స్కీమా, ఒకే డేటా ఉంటే డోల్ట్‌లో ఒకే హ్యాష్ (డేటా నుంచి లెక్కకట్టిన గుర్తు) వస్తుంది. డోల్ట్_హ్యాష్ఆఫ్_టేబుల్ ఫంక్షన్‌ను మూడు చోట్లా నడిపి 32 అక్షరాలు పోల్చుకుంటే చాలు. వరుసలు లెక్కపెట్టి సరిపోయాయనుకోవడం కంటే ఇది నయం.

దశ 4: సర్వర్, దారి తప్పిన 31 వరుసలు

నెట్ బాగా అందే రెండు చోట్ల ఎంట్రీ ఫారం నేరుగా డోల్ట్ సీక్వెల్-సర్వర్‌కే రాసేలా పెట్టాం. చోటుకొక బ్రాంచ్, వారానికోసారి చూసి మెయిన్‌లో మెర్జ్. రెండో రోజుకే హార్బర్ వరుసలు 31 మెయిన్‌లో తేలాయి.

ఫారం మొదట బ్రాంచ్ మార్చే కాల్ డోల్ట్_చెకౌట్ నడిపి, ఆ తర్వాత ఇన్సర్ట్ చేస్తోంది. కమాండ్ లైన్‌లో చెకౌట్ చేస్తే అది అలాగే నిలిచి ఉంటుంది. సర్వర్లో మాత్రం ఆ సెషన్‌కే వర్తిస్తుంది. కనెక్షన్ తెగి కొత్తది వస్తే మళ్లీ డిఫాల్ట్ బ్రాంచే. కనెక్షన్ పూల్ వాడే ప్రోగ్రాముల్లో ఇది ఇంకా ప్రమాదం, ఏ కనెక్షన్ ఏ బ్రాంచ్‌లో ఉందో చూస్తే గానీ తెలియదు.

1. చెకౌట్ తీసేసి, కనెక్షన్‌లో డేటాబేస్ పేరు దగ్గరే స్లాష్ పెట్టి బ్రాంచ్ పేరు ఇచ్చాం.
2. డోల్ట్_బ్రాంచ్_కంట్రోల్ టేబుల్లో ఎంట్రీ యూజర్లకు వాళ్ల బ్రాంచ్ మీదే రాసే హక్కు ఉంచి, అందరికీ అన్నీ ఇచ్చే డిఫాల్ట్ వరుస తీసేశాం. ఇది మొదటి రోజే చెయ్యాల్సిన పని.
3. మెయిన్‌లో పడ్డ 31 వరుసలను అక్కడే కమిట్ చేసి, ఆ ఒక్క కమిట్‌నే హార్బర్ బ్రాంచ్‌కు తెచ్చి (చెర్రీ-పిక్), మెయిన్‌లో డోల్ట్_రివర్ట్. రివర్ట్ చరిత్రను చెరపదు, తిరగరాసే కొత్త కమిట్ ఒకటి చేరుస్తుంది.

లెక్క: బ్రాంచ్‌లతో కలిపి 1,459 వరుసలు.

దశ 5: రెండు రకాల ‘కమిట్’, పోయిన మూడు రోజులు

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇదే.

సీక్వెల్ కమిట్ వేరు, డోల్ట్ కమిట్ వేరు. ఇన్సర్ట్ చేసి ట్రాన్సాక్షన్ కమిట్ అయితే డేటా ఆ బ్రాంచ్ వర్కింగ్ సెట్‌లో చేరుతుంది. డిస్కు మీద ఉంటుంది, సర్వర్ ఆపి మళ్లీ తెరిచినా ఉంటుంది, సెలెక్ట్ చేస్తే కనబడుతుంది. కానీ చరిత్రలోకి ఎక్కలేదు. ఎక్కాలంటే కాల్ డోల్ట్_కమిట్ విడిగా నడపాలి.

భీమిలి బ్రాంచ్‌లో మూడు రోజుల 64 వరుసలు అలా వర్కింగ్ సెట్‌లోనే ఉన్నాయి. అదే బ్రాంచ్ మీద వేరొకరు ప్రయోగానికి నడిపిన అప్‌డేట్‌ను కొట్టెయ్యాలని డోల్ట్_రీసెట్‌కు --హార్డ్ ఇచ్చారు, అది కమిట్ కాని మార్పులన్నీ తుడిచేస్తుంది. అప్‌డేట్ పోయింది, దానితో పాటు 64 వరుసలూ పోయాయి. వర్కింగ్ సెట్ ఒక మనిషిది కాదు, ఆ సర్వర్లో ఆ బ్రాంచ్ తెరిచిన అందరిదీ. కమిట్ల కదలికలు దాచే రీఫ్‌లాగ్‌లో వెతికినా లాభం లేదు, దానికి కమిట్లే తెలుసు. నోటు పుస్తకం ఉంది కాబట్టి మళ్లీ కొట్టాం, 64కు 64.

మార్చినవి:

1. ప్రతి చోటు ఎంట్రీ ముగియగానే ఫారమే డోల్ట్_కమిట్ నడుపుతుంది. మెసేజ్‌లో చోటు, తేదీ, పుస్తకం పేజీ నంబరు.
2. రాత్రి ఒకసారి డోల్ట్_స్టేటస్ చూసే చిన్న స్క్రిప్టు. ఏ బ్రాంచ్‌లోనైనా కమిట్ కానిది ఉంటే చెబుతుంది.
3. ప్రయోగాలకు విడి బ్రాంచ్. ఎంట్రీ బ్రాంచ్‌లో రీసెట్ వాడొద్దు.
4. రిమోట్‌కు పుష్ చేయడాన్ని బ్యాకప్ అనుకోవద్దు, కమిట్ అయినదే పుష్‌లో వెళ్తుంది. డోల్ట్ బ్యాకప్ సింక్ వర్కింగ్ సెట్లను కూడా తీసుకెళ్తుంది. రోజూ రాత్రి అదే నడుస్తోంది.

లెక్క: 1,523 వరుసలు. మళ్లీ కొట్టినవి 64.

దశ 6: మెర్జ్

ముందు మంచి కాన్‌ఫ్లిక్ట్. చేపలు టేబుల్లో ఒకే వరుస, పేరు గడి. ఒక బ్రాంచ్‌లో ‘కోనెం’ అని, ఇంకో దాంట్లో ‘వంజరం’ అని మార్చారు. సర్వర్లో ఆటోకమిట్ (ప్రతి కమాండూ దానంతటదే సీక్వెల్ కమిట్ కావడం) ఆన్‌లో ఉంటే మెర్జ్ ఇక్కడ ఎర్రర్ ఇచ్చి మొత్తం వెనక్కి పోతుంది, దిద్దే అవకాశమే రాదు. ఆటోకమిట్ ఆఫ్ చేసి మెర్జ్ నడిపితే డోల్ట్_కాన్‌ఫ్లిక్ట్స్_చేపలు అనే టేబుల్లో బేస్, అవర్, దెయిర్ అని మూడు విలువలు పక్కపక్కన వస్తాయి.

--అవర్స్ ఇచ్చి మన వైపు విలువతో తేల్చెయ్యడం తేలికే. కానీ ఇద్దరూ రాసింది నిజమే. విశాఖ రేవులో కోనెం అనేదాన్నే వేరే జిల్లాల్లో వంజరం అంటారు. గొడవంతా ‘ఒక చేపకు ఒకే పేరు’ అన్న మన కాలమ్‌తో. చేప_పేర్లు అని విడి టేబుల్ పెట్టి ఒక్కో కోడ్‌కు ఎన్ని పేర్లయినా రాసుకునేలా చేశాం. కానగంత, కానగడత, కానగుర్త, మూడూ అందులో చేరాయి. చివరిదానికి చరిత్ర ఉంది. స్కాటిష్ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలను ఇక్కడి పేర్లతోనే 1803లో అచ్చు వేశాడు. ఈ చేప శాస్త్రీయ నామంలోని కానగుర్త అలా వచ్చిందే.

ఇక చెడ్డది. ఇది కాన్‌ఫ్లిక్ట్ కాదు, కాబట్టే చెడ్డది. హార్బర్ వరుస ఒకటి:

మొదట: కానగంత, కేజీ, 1,900.
ఒకరి దిద్దుబాటు: కొలత కేజీ కాదు, గంప. ధర అలాగే ఉంచారు.
ఇంకొకరి దిద్దుబాటు: 20 కేజీల గంప ధర పొరపాటున రాశారు కాబట్టి 1,900ను 95 చేశారు. కొలత అలాగే ఉంచారు.
మెర్జ్ తర్వాత: కానగంత, గంప, 95.

రెండు దిద్దుబాట్లూ విడివిడిగా సరైనవే. డోల్ట్ గడి గడిగా కలుపుతుంది. ఒకరు కొలత గడి, ఇంకొకరు ధర గడి మార్చారు, ఢీ లేదు, మెర్జ్ శుభ్రంగా అయిపోయింది. గంప కానగంతలు 95 రూపాయలట. ‘కొలత గంప, ధర 200 లోపు’ అని వెతికితే ఇలాంటివి 9 దొరికాయి.

చెక్ కన్‌స్ట్రెయింట్ (విలువకు హద్దు పెట్టే నియమం) ఆలోచించాం. ధర హద్దు చేపకో రకంగా ఉంటుంది, కుదరదు. చేసింది: కొలతను కూడా ప్రైమరీ కీలో కలిపాం. ఇప్పుడు కేజీని గంప చేస్తే డోల్ట్ లెక్కలో పాత వరుస తీసేసి కొత్తది పెట్టినట్టు. ఇంకొకరు అదే పాత వరుస ధర మార్చి ఉంటే, ఒక వైపు తీసివేత, ఒక వైపు మార్పు, కాన్‌ఫ్లిక్ట్ ఖాయం. కీ రెండోసారి మార్చాం కాబట్టి మూడో దశలోని నాలుగడుగులూ మళ్లీ తప్పలేదు. మొదలుపెట్టేవాళ్లకు సూచన: ఏ గడులు విడిగా మారితే అర్థం చెడుతుందో ముందే చూసి అవి కీలోనో ఒకే గడిలోనో పెట్టుకోండి.

చేప కోడ్‌ను ఒక బ్రాంచ్‌లో తీసేసి, ఇంకో బ్రాంచ్‌లో దానికి ధర రాస్తే ఏమవుతుందని కూడా చూశాం. అది కాన్‌ఫ్లిక్ట్స్‌లో రాదు, డోల్ట్_కన్‌స్ట్రెయింట్_వయొలేషన్స్‌లో వస్తుంది. రెండు టేబుళ్లూ చూడాలి.

లెక్క: మెర్జ్‌లు 8, కాన్‌ఫ్లిక్ట్ 1, నిశ్శబ్దంగా తప్పినవి 9.

దశ 7: వేట నిషేధం, పూడిమడక, తేదీల గందరగోళం

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలకు వేట నిషేధం. హార్బర్లో బోట్లు కట్టేసి ఉంటాయి, తెప్పలు మాత్రం ఒడ్డు నుంచి వెళ్తాయి. పాత పుస్తకాల్లో ఈ రోజులకు ఒకరు 0 రాశారు, ఒకరు ఖాళీ వదిలారు. 0 ఉన్న చోట సగటు ధర కూలిపోతుంది. పాట లేకపోతే వరుసే ఉండకూడదు అని తేల్చి, ‘రోజు_స్థితి’ అనే చిన్న టేబుల్లో నిషేధం, తుపాను, సెలవు, ఎవరూ రాయలేదు అని కారణం పెడుతున్నాం. ‘చేప రాలేదు’, ‘మనిషి రాలేదు’ రెండూ ఒకటి కాదు.

ఐదో చోటుగా పూడిమడక చేరింది, 2021 నాటి పుస్తకంతో సహా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు అది విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు పోయింది. ‘డేటాబేస్‌కు చరిత్ర ఉంది కదా, జిల్లా గడి మార్చేస్తే పాతది, వెనకటి స్థితిని చూపే యాజ్ ఆఫ్‌తో వస్తుంది’ అన్న ఆలోచన వచ్చింది. రాదు. యాజ్ ఆఫ్ చూసేది కమిట్ తేదీని. 2021లో ఈ డేటాబేసే లేదు. టేబుల్ ఎప్పుడు మారిందన్నది కమిట్‌కు తెలుసు, జిల్లా ఎప్పుడు మారిందన్నది తెలియదు. చోటు_జిల్లా టేబుల్లో ‘నుంచి’, ‘వరకు’ అని రెండు తేదీ కాలమ్‌లు పెట్టక తప్పలేదు.

కమిట్ సమయం కూడా ఆ యంత్రం గడియారం చెప్పిందే. ఒక ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి పోయింది, రెండు కమిట్లు తప్పు తేదీతో పడ్డాయి. పాట తేదీ విడి కాలమ్‌లో ఉంది కాబట్టి నష్టం లేదు.

దశ 8: రిపోర్టులు, డిస్కు చోటు, ఇంకా మిగిలినవి

నెలవారీ రిపోర్టు తీసిన కమిట్‌కు డోల్ట్ ట్యాగ్ వేస్తున్నాం. తర్వాత ఎన్ని దిద్దుబాట్లు జరిగినా యాజ్ ఆఫ్‌కు ట్యాగ్ పేరు ఇస్తే ఆ రోజు అంకెలే వస్తాయి. ‘పోయిన నెల కోనెం సగటు ఇలా లేదే’ అని ఎవరైనా అడిగితే డోల్ట్_డిఫ్_ధరలు టేబుల్లో ఫ్రమ్, టు కాలమ్‌లు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు. ఒక్క వరుస గురించే అయితే డోల్ట్_బ్లేమ్ దాన్ని చివరగా ముట్టుకున్న కమిట్‌నూ మనిషినీ చెబుతుంది. రోజువారీ పనిలో ఎక్కువ వాడేది ఈ రెండే.

పెద్ద ఇంపోర్ట్‌ల తర్వాత ఏ కమిట్‌కూ అక్కర్లేని ముక్కలు డిస్కులో మిగులుతాయి. డోల్ట్ జీసీ వాటిని తీసేస్తుంది. బ్యాకప్ అయ్యాకే నడపండి. చేప ఫొటోలు మాత్రం ఇందులో పెట్టడం లేదు, విడి ఫోల్డర్‌లో ఉంచి ఫైలు పేరు మాత్రం టేబుల్లో రాస్తున్నాం.

లెక్క: చోట్లు 5, చేపలు 22, కీ మార్పులు 2, మళ్లీ కొట్టిన వరుసలు 64.

మిగిలిన పనులు:

1. బ్యాకప్ నుంచి వేరే యంత్రంలో పూర్తిగా నిలబెట్టి హ్యాష్ పోల్చడం. ఇంతవరకు చెయ్యలేదు.
2. మెర్జ్ కాగానే ‘గంప, 200 లోపు’ వంటి తనిఖీలు వాటంతట అవే నడవడం. ప్రస్తుతం చేత్తో.
3. గంప బరువు. హార్బర్ గంప 20 కేజీలని పెట్టుకున్నాం, మంగమారిపేట గంప అంత లేదు. తూచిన అంకెలు వచ్చేవరకు అక్కడి గంప వరుసలను కేజీ సగటులో కలపడం లేదు.